వదలలేని ముద్ద

మా వంటింట్లో కొత్తగా చేరినవాళ్ళు మొదటిరోజే అడిగే ప్రశ్న ఒకటుండేది. "ఏందక్కా, షుగరు ఆసుపత్రిలో చక్కెర డబ్బానా?" అని. అవును, చక్కెర డబ్బానే. పొయ్యి పక్కన, చేతికందే ఎత్తులో, మూత వదులుగా పెట్టి ఉండేది. నేను పనిచేసినన్నాళ్ళూ అది అక్కణ్ణించి కదలలేదు. అది అక్కడ ఎందుకుందో తెలిస్తే ఈ పని సగం తెలిసినట్టే. ఆ సంగతికి తర్వాత వస్తాను.

కోడంబాక్కం స్టేషను దిగి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న ఒక షుగరు ఆసుపత్రి వంటింట్లో నేను పనిచేశాను. గిన్నెలు తోమడానికి చేరాను. వంటమనిషినయ్యాను. చివరికి ఆ వంటిల్లే నా చేతికి వచ్చింది. ఏ మెట్టు ఎప్పుడు ఎక్కానన్నది ఎవరికీ పనికొచ్చే విషయం కాదు, వదిలేస్తున్నాను. మాది వ్యాసర్పాడి. మా నాయన రైల్వే యార్డులో కూలి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. చదవడం రాయడం మాత్రం రెండిట్లోనూ లేదు. యాభై దాటాక తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. నాకు నేర్పిన మనిషి కథే ఇందులో ఎక్కువ భాగం. డైటీషియన్ చదువు చదివి ఆసుపత్రుల్లో చేరే పిల్లలు, అక్కడి వంటిళ్ళలో పనికి కుదిరేవాళ్ళు చదువుకుంటారని రాస్తున్నాను.

పత్యం శిక్ష కాదు

నేను చేరినప్పుడు వంటింటి మీద పెత్తనం ఒక మేనేజరు గారిది. శుభ్రం విషయంలో ఆయన్ని మించినవాళ్ళని నేను చూడలేదు. కత్తిపీట కడగడం దగ్గర్నుంచి కాయగూరలు ఎంచడం దాకా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. కానీ తిండి సంగతి ఆయనకు తెలియదు. షుగరు వచ్చినవాళ్ళంటే ఏదో తప్పు చేసి వచ్చినవాళ్ళని ఆయన లెక్క. పోపు వద్దు, కొబ్బరి వద్దు, పులుపు వద్దు. "నాలిక చేసిన తప్పు నాలికే అనుభవించాలి" అనేవారు.

ఆ తిండి ఎవరు తింటారు? మేం పంపిన పళ్ళాలు వెళ్ళినవి వెళ్ళినట్టే తిరిగొచ్చేవి. చూడవచ్చిన బంధువుల సంచుల్లోంచి పరోటా వాసన మెట్లదాకా వచ్చేది. రోగి నవ్వుమొహంతో పడుకుని ఉండేవాడు, షుగరు మాత్రం దిగేది కాదు. మేనేజరు గారు ఇంకా చప్పగా వండమనేవారు.

ఆయన వెళ్ళాక కాదు, ఆయన ఉండగానే వసంత మేడమ్ డైటీషియన్‌గా వచ్చారు. కోయంబత్తూరు పక్క తరతరాలుగా ఉన్న తెలుగు కుటుంబం ఆమెది. వచ్చిన మొదటిరోజు ఆమె వంటింట్లోకి రాలేదు. వార్డులో రోగుల పక్కన కూర్చుని వాళ్ళతోపాటు భోజనం చేసింది. మర్నాడూ అంతే. మూడోనాడు వచ్చి నా పక్కన నిలబడింది.

"మునెమ్మా, వీళ్ళు అన్నం ఎన్ని తూర్లు వేసుకుంటా ఉండారో చూస్తివా?"

"ఒక తూరే గదా మేడమ్ పెట్టేది. కప్పుతో కొలిచి పెడతా ఉండా."

"నువ్వు పెట్టేది ఒక తూరే. వాళ్ళు దాన్ని నాలుగు చేసుకుంటా ఉండారు. చాలకపోతే ఇంటి క్యారియరు తీస్తా ఉండారు."

నిజమే. మన భోజనంలో కూరకి సొంత బతుకు లేదు. పప్పులోకి అన్నం, సాంబారులోకి అన్నం, రసంలోకి అన్నం, మజ్జిగలోకి అన్నం. ఆ "లోకి" అన్నమాటే మనల్ని నడిపిస్తుంది. కూర పళ్ళెం అంచున తోడుపెళ్ళికూతురులా కూర్చుంటుంది. మేనేజరు గారు ఆ నాలుగింటినీ చప్పగా చేశారు. వసంత మేడమ్ ఆ నాలుగింటినీ లెక్కలోకి తీసుకుంది.

ఆమె నాకు చెప్పింది ఇంతే. చక్కెర చెంచాతో పోతే కంటికి కనబడుతుంది. బియ్యంలో, గోధుమలో, రాగిలో, ఆలుగడ్డలో ఉన్న పిండిపదార్థం కూడా కడుపులోకి పోయాక చక్కెరే అవుతుంది, కానీ కనబడదు. అది తగ్గితే రక్తంలో చక్కెర తగ్గుతుంది. ఎవరికి ఎంత తగ్గించాలన్నది మనిషిని బట్టి, మందుని బట్టి. అందరికీ ఒకే పళ్ళెం పెట్టేవాళ్ళని నమ్మకు.

ఆ తర్వాత ఆమె ప్రతి రోగినీ ఒక ప్రశ్న అడగడం మొదలుపెట్టింది. ఏం మానేస్తారని కాదు. "మీ భోజనంలో ఏ ముద్ద వదలలేరు?" అని.

జనం ఆలోచనలో పడేవాళ్ళు. అంతకుముందు ఎవరూ అలా అడగలేదు. ఒకాయన పప్పూ నెయ్యీ కలిపిన మొదటి ముద్ద అన్నాడు. ఒకామె రసం ముద్ద అంది. సినిమాల్లో గుంపులో నిలబడే ఒకావిడ, "షూటింగులో పొద్దున్నే చేతిలో పెట్టే వేడి పొంగలి మేడమ్, అది లేకపోతే నేను ఆ ఎండలో నిలబడలేను" అంది. మేడమ్ ఆ ఒక్క ముద్దనీ ఉంచేది. మిగిలిన మూడింటినీ తగ్గించి ఆ చోటంతా కూరలతో, పప్పుధాన్యాలతో, గుడ్డుతో, చేపతో నింపేది.

నింపడం నా పని. అక్కడ నాకు తెలిసొచ్చిన సంగతి ఒకటుంది, కొత్తగా వచ్చేవాళ్ళు గుర్తుంచుకోండి. అన్నంలోకి చేసే కూర వేరు, ఉత్తగా తినే కూర వేరు. మనం కూరలో ఉప్పు, కారం, పులుపు వేసేది అన్నానికి సరిపోయేలాగా. అదే కూర గిన్నెడు ఉత్తగా తినమంటే నోరు మండుతుంది. రోగి మళ్ళీ అన్నం అడుగుతాడు. తప్పు వాడిది కాదు, కూరది. ఉప్పూ కారం సగం చేసి, పోపు బాగా వేసి, కొబ్బరి చల్లి, బీన్సుని కరకరలాడేలా దించితే మనిషి తినగలడు. పొట్లకాయలో పెసరపప్పు నానబోసి వేస్తే ఇంకొంచెం అడుగుతాడు. పళ్ళాలు ఖాళీగా తిరిగి రావడం మొదలైంది.

మేనేజరు గారు ఒకరోజు ఖాళీ పళ్ళేన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏం కలిపినారు దీంట్లో?" అన్నారు. "పోపు సార్" అన్నాను. ఆయన ఆవాల డబ్బా పెద్దది తెప్పించారు.

చెప్పుల్లేని మనిషి

రాఘవులన్న నెల్లూరు నుంచి కుర్రతనంలో కోడంబాక్కం వచ్చాడు. సినిమా బ్యానర్ల మీద అక్షరాలు రాసేవాడు. బొమ్మ ఒకరు వేస్తే పేరు ఈయన రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయాక గుడి గోడలు, అంగడి బోర్డులు, ఆటోల వెనకాల పేర్లు. తెలుగూ తమిళమూ రెండూ రాస్తాడు. ఆయనకొక నియమం ఉండేది. అక్షరం సరస్వతి గనక చెప్పులు వేసుకుని బ్రష్షు పట్టడు. ఎండలో కాలే ఇనుప నిచ్చెనైనా సరే, ఒట్టికాళ్ళతోనే ఎక్కుతాడు.

ఆయన మా ఆసుపత్రికి వచ్చింది కాలికి మేకు దిగితే. దిగి చాలా రోజులైంది. ఆ సంగతి ఆయనకు తెలియలేదు. షుగరు ముదిరి పాదాల్లో స్పర్శ పోయింది. ఇంటి నేల మీద రక్తం మరక చూసి ఆయన భార్య సుశీలమ్మ పట్టుకొచ్చింది.

డాక్టరు గారు కట్టు విప్పి చూసి దాపరికం లేకుండా చెప్పారు. "షుగరు దిగితే పుండు మానుతుంది. దిగకుండా ఎముక దాకా పోతే పాదం ముందుభాగం తీసెయ్యాల్సి రావచ్చు."

రాఘవులన్న నొప్పి గురించి అడగలేదు, ఖర్చు గురించి అడగలేదు. "సగం పాదంతో నిచ్చెన ఎక్కొచ్చునా సార్?" అన్నాడు.

డాక్టరు గారు బదులు చెప్పకుండా కట్టు కట్టారు. రాఘవులన్నకు అర్థమైంది. మాకూ అర్థమైంది. ఆయనకు పాదమంటే నడక కాదు, నిచ్చెన.

వసంత మేడమ్ తన ప్రశ్న అడిగింది.

"పెరుగన్నం మేడమ్" అన్నాడు వెంటనే. "బిరియానీ వద్దు, స్వీటు వద్దు. ఆఖర్న పెరుగన్నం ముద్ద పడకపోతే నేను తిన్నట్టే కాదు."

సుశీలమ్మ అందుకుంది. "అదొక్కటీ తీసెయ్యొద్దు మేడమ్. నిద్రలో గూడా చెయ్యి పిసుకుతానే ఉంటాడు ఈయన."

"నువ్వు చూసినావా?" అన్నాడు రాఘవులన్న.

"మీ పక్కన పడుకునేది నేను గాక ఇంకెవురు?"

వార్డంతా నవ్వింది.

ఆయన కొన్ని వారాలు మా దగ్గరున్నాడు. పొద్దునా రాత్రీ నర్సు ఇన్సులిన్ సూది వేసేది. నా కూరలు తిన్నాడు, ఆఖర్న పిడికెడు పెరుగన్నం తిన్నాడు. షుగరు దిగింది. పుండు అంచులు ఎర్రబడి కొత్త చర్మం రావడం మొదలైంది. పడుకుని ఊరికే ఉండలేని మనిషి. నేను పళ్ళెం తీయడానికి వెళ్తే అడుగున మిగిలిన మజ్జిగలో వేలితో ఏదో రాస్తుండేవాడు.

"ఇదేంది అన్నా?"

"నువ్వు నన్ను పిలిచిందే. అన్న. చదువు."

"నాకు రాదన్నా."

"రాకపోతే ఏం? ఇది అ. ఇది న, దాని కింద ఇంకో న. అన్న. ఇప్పుడు చూడు." పక్కన ఒక సున్న చుట్టాడు. "ఇప్పుడు అన్నం. అన్నకీ అన్నానికీ ఒక్క సున్నే తేడా చెల్లా."

అలా మొదలైంది నా చదువు. రోజూ మధ్యాహ్నం ఒక పళ్ళెం, ఒక అక్షరం. నలుగురికీ కనబడేలా రాసి బతికిన మనిషి, రాసింది కడిగేస్తే పోయే చోట కూడా అంతే అందంగా రాసేవాడు. తలకట్టు వంకరపోతే నా చేత చెరిపించి మళ్ళీ రాయించేవాడు.

అన్నం మానేసిన మనిషి

సుశీలమ్మకు సూది వెయ్యడం నేర్పి ఇంటికి పంపేటప్పుడు మేం ఆయనకు చెప్పిన మాట, "అన్నం తగ్గించండి" అని. ఇది ప్రతివాళ్ళకీ చెప్పే మాటే.

కట్టు మార్పించుకోవడానికి వచ్చినప్పుడల్లా షుగరు పెరుగుతూ వచ్చింది. పుండు మళ్ళీ చెమ్మగిల్లింది. చిటికెనవేలు నల్లబడింది. డాక్టరు గారి మొహం మారిపోయింది. "ఇంట్లో ఏదో తింటున్నాడు, మనకు చెప్పడం లేదు" అన్నారు. నర్సు సుశీలమ్మని పక్కకు పిలిచి, మిఠాయిలేమైనా దాచుకుని తింటున్నాడా అని అడిగింది.

సుశీలమ్మకు ఏడుపు ఒకటే తక్కువ. "ఇంటి దేవుడి మీద ఒట్టు. అన్నం ముట్టలేదమ్మా. అన్నం గిన్నెని అటక మీదికి ఎక్కించేసినా."

వసంత మేడమ్ రాఘవులన్న ఎదురుగా కూర్చుంది. "పెరుగన్నం?"

"అదీ మానేసినా మేడమ్. కాలు కావాలంటే ఏదో ఒకటి వదలాల గదా. అన్నానికి సున్న చుట్టేసినా."

వదలలేని ముద్దని కూడా వదిలేశాడు. అయినా వేలు నల్లబడింది. నాకు ఆయన మొహం చూడబుద్ధి కాలేదు.

మేడమ్ కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది. తర్వాత అడిగింది. "అన్నం మాట మరిచిపోండి. పొద్దున కళ్ళు తెరిచినప్పట్నించి నోట్లోకి ఏమేం పోయిందో చెప్పండి. నీళ్ళతో సహా."

"పొద్దున రాగిజావ, పెద్ద సొంబుడు. షుగరుకు మంచిదంటారు గదా. తర్వాత ఇడ్లీలు. మధ్యాన్నం ఉప్మా, లేకపోతే సేమియా. సాయంత్రం ఆకలేస్తే రొట్టె. రాత్రికి దోసెలు."

"ఎన్ని?"

"టిఫినే గదా మేడమ్. టిఫిను ఎవురన్నా లెక్కపెడతారా?"

గదిలో ఎవరూ నవ్వలేదు. ఆ మాట నేను పుట్టినప్పట్నుంచి వింటున్న మాటే. మా అమ్మ శనివారం ఒక్కపొద్దు ఉండి, రాత్రి అన్నం ముట్టకుండా కడుపునిండా దోసెలు తిని పడుకునేది. ఒక్కపొద్దు చెడేది కాదు. మన భాషలో బియ్యం కుండలో ఉడికితేనే అన్నం. రుబ్బి ఆవిరి మీద పెడితే పలహారం. "అన్నం తిన్నావా" అని అడిగితే, ఆరు ఇడ్లీలు తిన్నవాడు కూడా "ఇంకా లేదు" అంటాడు. అది అబద్ధం కాదు. దేవుడు కూడా ఒప్పుకున్నాడు. రక్తం మాత్రం ఒప్పుకోదు.

రాగిజావ సంగతీ అంతే. రాగిలో పీచుంది నిజమే. కానీ మెత్తగా పిండి కొట్టి, పలచగా కాచి, చెంబుడు తాగితే అది గబగబా చక్కెర అయిపోతుంది. మంచి ధాన్యమని కొలత లేకుండా తాగకూడదు.

ఇలాంటి చోట కోప్పడే చదువుకున్నవాళ్ళని చాలామందిని చూశాను. వసంత మేడమ్ కోప్పడలేదు. డాక్టరు గారి ముందే అంది. "ఈయన అబద్ధం చెప్పలేదు సార్. మనం అన్నం తగ్గించమన్నాం, ఆయన అన్నమే మానేసినాడు. మాట మనది, అర్థం వాళ్ళది. అడగడం మనకు చేతగాలేదు."

డాక్టరు గారు తల ఊపి, రాఘవులన్న భుజం మీద చెయ్యి వేశారు. సందేహపడినందుకు ఆయన చెప్పుకున్న క్షమాపణ అది. ఆయన మీద నా గౌరవం ఆ రోజు పెరిగింది.

రాఘవులన్న ఇంకా తేరుకోలేదు. "అంటే ఇడ్లీ..."

"ఇడ్లీ ఎవురనుకున్నావన్నా? అన్నానికి తోడబుట్టిందే" అన్నాను.

"దోసె?"

"అదీ ఆ ఇంటి పిల్లే."

ఆయన నుదురు కొట్టుకున్నాడు. "ఇన్నేళ్ళు సినిమావాళ్ళ వీధిలో ఉండి మేకప్పు కనిపెట్టలేకపోయినానే!"

అప్పుడు మేడమ్ చేసిన పని నేను మరిచిపోలేను. మందుల చీటీ రాసినంత గంభీరంగా చెప్పింది. "ఈ రాత్రి నుంచి పెరుగన్నం తినండి. పిడికెడు. కూరలన్నీ అయినాక, ఆఖర్న. జావ వద్దు. ఇడ్లీ తింటే రెండే, పక్కన గిన్నెడు కూర, గుడ్డు."

పుండు మానాలంటే ఆకలితో ఉండకూడదని, పప్పులు, గుడ్డు బాగా తినాలని కూడా చెప్పింది. ఆ మార్పుకు సరిపోయేలా డాక్టరు గారు అప్పుడే ఇన్సులిన్ తగ్గించారు. సుశీలమ్మ కళ్ళు తుడుచుకుని, "అటక మీంచి గిన్నె దించాల" అంది.

ఆ రోజు నుంచి మా ఆసుపత్రిలో "అన్నం తగ్గించండి" అన్న మాట ఎవరూ అనలేదు. "పిండి తగ్గించండి" అని, ఏవేవి పిండో చూపించి మరీ చెప్పేవాళ్ళం. రోగిని "తిన్నారా" అని అడగడం మానేశాం. "ఏమేం నోట్లోకి పోయింది" అని అడిగేవాళ్ళం. అనాగరికంగా వినబడుతుంది. కానీ నిజం దానికే వస్తుంది.

చక్కెర డబ్బా

ఒకటి సరిదిద్దుకున్నాం, ఇంకోటి వచ్చి మీద పడింది.

ఆ తర్వాతి శనివారం మధ్యాహ్నం వంటింటి ఫోను మోగింది. సుశీలమ్మ. "మునెమ్మా, ఈయనకు చెమటలు కారిపోతా ఉండాయి. చేతులు వణకతా ఉండాయి. అడిగేదొకటైతే చెప్పేదొకటి."

"సూది వేసినావా?"

"పొద్దునే వేసినా."

"ఏమేం తిన్నాడు?"

"శనివారం గదా. ముందైతే పొద్దున టిఫిను తినేవాడు. ఇప్పుడు టిఫిను గూడా అన్నమే అంటిరి గదా మీరు. ఒక్కపొద్దు చెడుతుందని ఏమీ తినలేదు."

ఆయన మా మాట విన్నాడు. మరీ నిజంగా విన్నాడు. సూది మందు లోపల ఉంది, దానికి తగిన తిండి లేదు. నర్సుని కేకేసి, ఫోను ఇద్దరికీ వినబడేలా పెట్టాను. నర్సు అడగమన్నది అడిగాను.

"పిలిస్తే చూస్తా ఉండాడా? మింగగలడా?"

"చూస్తా ఉండాడు. ఇందాక నీళ్ళు తాగినాడు."

"అయితే ముందు చక్కెర నీళ్ళు కలిపి తాపు. ఇప్పుడే."

ఆమె గొంతు పైకి లేచింది. "షుగరు మనిషికి చక్కెర నీళ్ళా! చంపమంటావా ఆయన్ని?"

"వదినా, ఇప్పుడు ఆయన ఒంట్లో చక్కెర పడిపోయింది. అదే ఆయనకు మందు. పెట్టకపోతేనే పోతాడు. నా మాట నమ్ము."

ఎన్నేళ్ళుగానో ఆయన కంట పడకుండా చక్కెర దాచిన మనిషి ఆమె. పండక్కి పాయసం చేస్తే పక్కింటికి పంపేసిన మనిషి. అలాంటామె ఒక మాట నమ్మి, డబ్బా తీసి, గ్లాసులో కలిపి ఆయన నోటికి అందించింది. గ్లాసులో చెంచా తిరిగిన చప్పుడు ఫోనులో వినిపించింది. ఆ పనికి కావాల్సిన ధైర్యం తక్కువ కాదు. నేను ఈ ఉద్యోగంలో చూసిన గొప్ప పనుల్లో అదొకటి.

కాసేపటికి ఫోనులో ఆయన గొంతే వినబడింది. "ఎవురది, చెల్లా? ఎంత తియ్యగా ఉండాది!"

ఆయనకు ఇంకాస్త తిండి పెట్టించి, ఆటోలో తీసుకురమ్మన్నాం. డాక్టరు గారు చూసి అందరికీ వినబడేలా చెప్పారు. "తక్కువ తిన్నందుకు కాదు ఇది. తిండీ మందూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోనందుకు." పిల్లలూ, ఈ మాట మాత్రం గట్టిగా పట్టుకోండి. సూదో మాత్రలో వాడే మనిషికి పిండి తగ్గిస్తే మందు సంగతి డాక్టరు అప్పుడే చూడాలి. రేపు చూద్దామనకూడదు. వంటింటికీ సూదికీ మధ్య గోడ ఉండకూడదు. మా వంటింట్లో చక్కెర డబ్బా చేతికందే ఎత్తులో ఉన్నది అందుకే.

వసంత మేడమ్ తన ప్రశ్నల్లో ఇంకోటి చేర్చుకుంది. ఏ వారం ఒక్కపొద్దు, రంజాన్‌కి రోజా ఉంటారా, క్రైస్తవుల లెంటు ఉపవాసం పాటిస్తారా అని. రాఘవులన్న ఒక్కపొద్దు గురించి ఆమె ఇబ్బంది పడుతూ మొదలుపెట్టబోతే ఆయనే ఆపేశాడు.

"స్వామితో నేను మాట్లాడుకుంటాలే మేడమ్. ఆయన పేరు ఎన్ని గోడల మీద రాసినానో ఆయనకు తెలుసు. నా మాట వింటాడు."

ముందు రంగు, తర్వాత అక్షరం

చిటికెనవేలు నిలవలేదు. తీసేశారు. అప్పటికి షుగరు దిగింది కాబట్టి అంతటితో ఆగింది, పాదం మిగిలింది. నేను చూడటానికి వెళ్తే ఆయనే నన్ను ఓదార్చాడు. "తలకట్టు ఊడినా అక్షరం చదవొచ్చు చెల్లా."

ఆ తర్వాత ఆయన చేసింది మేం చెప్పింది మాత్రమే కాదు. మా మాటల్ని తన పనిలోకి మార్చుకున్నాడు. పక్క మంచాల వాళ్ళకు ఆయనే చెబుతుంటే నేను గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. "బోర్డు రాసేటప్పుడు ఏం చేస్తాం? ముందు గోడంతా రంగు కొడతాం. ఆరినాక అక్షరం రాస్తాం. రంగు కొట్టకుండా అక్షరం రాస్తే గోడ పీల్చేస్తుంది. కూర, పప్పు, గుడ్డు, అవి రంగు. ముందు అవి కడుపంతా పుయ్యాల. నా పెరుగన్నం అక్షరం. ఆఖర్న, ఒక్కటే, అందంగా."

వసంత మేడమ్ కూడా విన్నది. ఆ తర్వాత ఆమె చాలామందికి ఆ మాటే చెప్పింది, "మా రాఘవులు గారు చెప్పినారు" అని పేరుపెట్టి మరీ. ఎవరి దగ్గర నేర్చుకుందో ఎన్నడూ దాచలేదు. ఆమె కింద పనిచేయడం నా అదృష్టం.

ఈ పద్ధతి అందరికీ ఇలాగే కుదిరిందని నేను చెప్పను. కొందరు నెల తిరక్కుండా పాత పళ్ళెంలోకి వెళ్ళిపోయారు. కొందరికి ఎంత తగ్గించినా సూది తప్పలేదు. అది వాళ్ళ తప్పు కాదు, జబ్బు స్వభావం. రోగం దిగకపోతే రోగిని తిట్టేవాళ్ళు ఈ పనికి రావద్దు.

చింతాద్రిపేటలో

నేను పని మానేశాక ఒకరోజు చింతాద్రిపేట వెళ్ళాను, చుట్టాలింటికి. ఒక గుడి గోడ పక్కన నిచ్చెన కనబడింది. కింద సుశీలమ్మ క్యారియరు పెట్టుకుని కూర్చుని ఉంది. తలెత్తి చూశాను. పైన రాఘవులన్న. కాళ్ళకు తెల్లటి గుడ్డ బూట్లు.

"ఇదేంది వదినా, బూట్లతో బ్రష్షు పట్టినాడు?"

"అవి నేల తొక్కని బూట్లంట. నిచ్చెన దగ్గర వేసుకుంటాడు, దిగినాక విప్పి సంచీలో పెట్టి మామూలు చెప్పులేసుకుంటాడు. సరస్వతికి ఆయన చెప్పుకున్న సర్దుబాటు" అంది సుశీలమ్మ. "రోజూ రాత్రి పాదం తిప్పి తిప్పి చూసేది మాత్రం నేను."

పైనుంచి కేక వచ్చింది. "చెల్లా, చదువు చూద్దాం!"

తెల్లని గోడ మీద నీలం అక్షరాలు ఇంకా ఆరలేదు. నేను ఒక్కోటీ కూడబలుక్కున్నాను. "ని... త్య... అన్న."

"ఏం చెల్లా, పిలిచినావా?"

సుశీలమ్మ పక్కున నవ్వింది. నేనూ నవ్వాను. "తర్వాత సున్న గదా అన్నా? అన్నం?"

"ఇప్పుడే పెడితే ఎట్లా?" అంటూ ఆయన బ్రష్షు ముంచి ద రాశాడు, దీర్ఘం ఇచ్చాడు, న రాశాడు. ఊపిరి బిగబట్టి, చెయ్యి ఎక్కడా ఆగకుండా, గుండ్రంగా ఒక సున్న చుట్టాడు. నిత్య అన్నదానం. ఇప్పుడు నేను తడుముకోకుండా చదివాను.

"ఈడ సున్న ఆఖర్న చెల్లా. నా ముద్ద మాదిరే."

సుశీలమ్మ క్యారియరు విప్పింది. పై గిన్నెలో బీన్సు, దాని కింద పప్పు, గుడ్డు. అడుగు గిన్నెలో పిడికెడు పెరుగన్నం. "దిగిరా సామీ, చల్లారిపోతా ఉంది" అంది.

రాఘవులన్న బ్రష్షుని డబ్బాలో నిలబెట్టి, నిచ్చెన దిగడం మొదలుపెట్టాడు. ఒక్కో మెట్టూ చూసుకుంటూ, రెండు పాదాలూ ఆనించి దిగాడు.